పిలవని పేరు

రాళ్లచెలకలో ఒక శవం ట్రాలీ ఆటోలో శ్మశానానికి పోవడం అదే మొదలు.

ఆటోను మక్తల్ నుంచి మాట్లాడుకొచ్చారు. ఊళ్లో ఆటోలు లేక కాదు, ఊళ్లోవాళ్లు రామన్నారు. పొద్దున ఎక్కడో కోళ్లను దింపివచ్చిన బండి, అడుగున ఇంకా ఈకలు అంటుకొని ఉన్నాయి. గోపమ్మ, ఆమె కూతురు వర్షిత, గోపమ్మ తమ్ముడు కలిసి, గోపమ్మ మొగుడు కాటమయ్యను అందులోకి ఎక్కించారు. ఒకప్పుడు ఈతచెట్ల మీద ఉడుతలా తిరిగిన మనిషి. రొమ్ములో దుమ్ము పేరుకొని, ఎండి ఎండి, ముగ్గురు ఎత్తితే లేచేంత తేలికైపోయాడు. పాడెకు నాలుగు భుజాలు కావాలి. ఊరినిండా మనుషులున్నారు, ఆ నాలుగో భుజమే దొరకలేదు.

పక్కింటి సుగుణమ్మ తలుపు దగ్గరగా వేసుకొని సందులోంచి చూసింది. వాడలో శవం ఉంటే అది లేచేదాకా ఏ ఇంట్లోనూ పొయ్యి వెలగదు. ఏడ్చే పసిపిల్లలుంటే పక్క వాడకు తీసుకుపోయి తినిపించుకొస్తారు. ఆ పొద్దు మాత్రం వాడంతా పొగ లేచింది. సుగుణమ్మ పొయ్యి మీద కూడా జొన్నరొట్టె కాలింది. అలా చేయమని ఎవరూ చెప్పలేదు. ద్రోహి చస్తే అది చావు కిందికి రాదని అందరికీ అదే తోచింది.

ఆటో కదిలాక ఆమె కొడవలి పట్టుకొని చేనికి పోతున్నట్టు బయలుదేరింది. చేనిలో కోసేదేమీ లేదు.

ఊరికీ శ్మశానానికీ నడుమ, గుట్ట మలుపులో ఒక చదును జాగా ఉంది. అక్కడ పాడెను నేలకు దించి, పోయినవాని చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. ప్రాణం ఏ మూలనైనా రవ్వంత మిగిలి ఉంటే పిలుపుకు పలుకుతుందని ఆశ. దింపుడు కల్లం అంటారు. అక్కడ పలికినవాడు ఇంతవరకు లేడు. అయినా పిలవకుండా ఎవరినీ పంపలేదు. ఊరి తాగుబోతును పిలిచారు, బాకీలెగ్గొట్టినవాణ్ని పిలిచారు, పెళ్లాన్ని కొట్టి చంపి ఉరేసుకున్నవాణ్ని కూడా పిలిచారు.

ఆ జాగా మీదుగానే ఇప్పుడు రాళ్ల క్రషరు తొవ్వ పోతుంది. కాటమయ్య ఆటో అక్కడికి వచ్చేసరికి వెనక కంకర లారీ హారన్ కొట్టింది.

"అన్నా, ఆపు! జర ఆపన్నా! నాయినను దించాలె!" వర్షిత డ్రైవరు భుజం పట్టుకొని గుంజింది.

"యాడ ఆపాలమ్మా? ఎనక లారీ మీదికొస్తాంది!"

లారీ వెనక ఇంకో లారీ. ఆటో ఆగలేదు. గోపమ్మ నోరు తెరిచింది. ఏమని పిలవాలి? మొగుని పేరు నోట పలికే ఆడది కాదు ఆమె, ఎన్నడూ పలకలేదు. లేచిన దుమ్ములో ఆటో, ఆ నోరు తెరిచిన ముఖం, తెల్లబట్ట కింద మనిషి అన్నీ కనబడకుండా పోయాయి. గుట్ట మీద రాయి నమిలే మిషిను చప్పుడు ఒక్కటి మిగిలింది.

ఆ మాపటికి, గోడ పక్కన కూర్చొని బియ్యం ఏరుతున్న సుగుణమ్మకు అవతలి నుంచి దగ్గు వినిపించింది. కాటమయ్య దగ్గే. ముందు పొడిగా, తర్వాత గొలుసు తెగినట్టు. చేతిలో చాట అలాగే ఆగిపోయింది.

*

ఆ ఊళ్లో ముందు నుంచీ ఉన్న మాట దగా. వాన దగా చేసేది, కుడితి తాగి తన్నిన బర్రె దగా చేసేది, చేని గెట్టు జరిపిన తమ్ముడు దగా చేసేవాడు. దగా చేసినవాణ్ని నలుగురిలో నిలబెట్టి తిట్టేవాళ్లు. వాడు తల గోక్కొని, తప్పు కింద ఒక మేకను కోయించేవాడు. తిట్టినవాళ్లే కూర్చొని తినిపోయేవాళ్లు. దగాకు మందుండేది.

ద్రోహి అన్న మాట మైకులో వచ్చింది. రాష్ట్రం కోసం కొట్లాడే రోజుల్లో పెద్ద తొవ్వ మీద టెంటు వేశారు. అమరేందర్ మెడలో కండువా వేసుకొని మైకు పట్టి, ఎవరెవరి పేర్లో చదివి "ద్రోహి!" అనేవాడు. టెంటు కింద ఊరంతా "డౌన్ డౌన్!" అనేది. సుగుణమ్మ అన్నది. గోపమ్మ అన్నది. కల్లులొట్టి పక్కన పెట్టి కాటమయ్య కూడా అన్నాడు. నోటికి బలంగా తగిలే మాట. పిల్లలు గోలీలాటలో వాడారు. పక్కింట్లో గుడ్డు పెట్టివచ్చిన పెట్టను చూసి సుగుణమ్మ "ఓసి ద్రోహీ!" అంటే, గోపమ్మ గోడ అవతల నుంచి "ద్రోహి కాదే, ధర్మదాత!" అని నవ్వేది.

రాష్ట్రం వచ్చింది. టెంటు విప్పారు, మైకు పోయింది. కండువా తీసేసిన అమరేందర్ కంట్రాక్టరు అయ్యాడు. ఆ మాట మాత్రం, పెళ్లికి కిరాయికి తెచ్చిన గుండిగను తిరిగియ్యడం మరిచినట్టు, ఊళ్లోనే ఉండిపోయింది.

తర్వాత గుట్ట మీద క్రషరు వచ్చింది. అమరేందరే తెచ్చాడు. ఊరికి రోడ్డన్నాడు, పనులన్నాడు. రోడ్డు వచ్చింది, లారీల కోసం. గుట్ట కింది ఈతవనం మీద దుమ్ము కూర్చుంది. లొట్లలో కల్లు మీద తెట్టు కట్టింది, తాగినవాళ్లు ఉమ్మేశారు. చెట్లు ఎండాక కాటమయ్య చెట్లెక్కే మోకు దండెం మీద వేసి, ఆ క్రషరులోనే రాయి వేసే కూలికి పోయాడు. రాతి పేలుళ్లకు ఇళ్ల గోడలు పగిలాయి. పిండిలో దుమ్ము పడి రొట్టె పంటి కింద కరకరలాడింది. గొర్లకాపరి బీరప్ప గొర్రెలు నెలలు నిండకముందే ఈసుకుపోయాయి.

చివరికి ఊరు కూడింది. తెల్లారేసరికి అందరూ పోయి లారీలను ఆపాలనుకున్నారు. పోయారు. వాళ్లకంటే ముందే పోలీసులు అక్కడ నిలబడి ఉన్నారు. సుగుణమ్మ కొడుకు నరేశ్‌నూ తోటి పోరగాళ్లనూ వ్యానులోకి ఎక్కించి, సాయంత్రం కాళ్లు వాచినవాళ్లను పంపారు.

ఎవరు చెప్పారు?

ముందురోజే కాటమయ్య అమరేందర్ కారులోంచి దిగడం బస్టేజి కాడ అందరూ చూశారు. ఇంకేం కావాలి? ద్రోహి. నరేశే అన్నాడు ముందు, వాచిన కాళ్లతో మంచంలో పడి. మాపటికల్లా ఊరు అన్నది. గోపమ్మకు నీళ్ల నల్ల కాడ వంతు పోయింది. దుకాణంలో ఉప్పు పుట్టలేదు. రెండిళ్ల నడిమి గోడలో చెయ్యి పట్టేంత గూడు ఉండేది. అందులోంచే ఏళ్లుగా నిప్పు, కూర, చింతపండు, ముచ్చట్లు అటూఇటూ పోయేవి. సుగుణమ్మ మన్ను మెత్తి ఆ గూడు మూసింది. పేలుళ్లకు ఆ మన్ను మళ్లీ పగిలింది. దగ్గు వచ్చేది ఆ పగులులోంచే.

*

చావు జరిగి వానాకాలం దాటింది. ఊరు మళ్లీ గుసగుసలాడటం మొదలుపెట్టింది, ఈసారి ఎట్లాగైనా లారీలు ఆపాలని.

ఒక పగటిపూట సుగుణమ్మ అరుగు మీద కందులు చెరుగుతుంటే అమరేందర్ కారు ఇంటి ముందు ఆగింది.

"సుగుణక్కా! జర మంచినీళ్లియ్యే. గొంతు ఎండుతాంది."

గడప ముందు నిలబడి నీళ్లడిగిన మనిషికి లేవని అనే నోరు ఆ ఊళ్లో ఎవరికీ లేదు. పగవాడైనా సరే. ఆమె చెంబు తెచ్చి ఇచ్చింది. అతడు వీధి నడుమ నిలబడి, తల పైకెత్తి, తొందర లేకుండా తాగాడు. ఎదురింటి కిటికీ తెరుచుకుంది. అతడు రెండు చేతులతో చెంబు తిరిగిచ్చి, చెవిటివాళ్లతో మాట్లాడినంత గట్టిగా అన్నాడు:

"మంచిదక్కా! నువ్వు చెప్పింది మతిల ఉంచుకుంట."

"నేనేం జెప్పిన?" అన్నది సుగుణమ్మ. అప్పటికే కారు తలుపు పడింది.

మాపున నల్ల కాడ ఆడవాళ్ల మాటలు ఆమెను చూడగానే తెగిపోయాయి. వరుసలో పెట్టిన ఆమె బిందె పక్కకు జరిగి ఉంది.

"సేటు నీళ్లు తాగి పోయిండంట గద?" అన్నది లాల్ బీ, బిందె కడుగుతూ.

"అడిగిండు, ఇచ్చిన."

"అంతేనా? ఇన్ని ఇండ్లు దాటుకుంట వచ్చి, నీ కాడనే దూప అయ్యిందా అక్కా?"

వెనక నుంచి ఎవరో నెమ్మదిగా అన్నారు. "ద్రోహి ఇంటి గోడకు గోడ. గాలి తగల్దా మరి."

సుగుణమ్మ ఖాళీ బిందెతో ఇంటికి వచ్చింది. ఆ మాట వీపు మీద పడితే ఎట్లా ఉంటుందో ఇన్నాళ్లూ తెలియదు. కొట్టినట్టు ఉండదు. తన గురించి తనకే అనుమానం మొదలవుతుంది. నిజంగానే ఏమైనా అన్నానా? నీళ్లిస్తూ ఏమన్నా? "నేనేం జెప్పిన?" అని గోడకు చెప్పుకున్నది. గోడ దగ్గింది.

ఆమె కొడవలి మొనతో గూట్లో మన్ను పొడిచింది. పెళ్లలు పెళ్లలుగా రాలింది. అవతల చీకటిగా ఉంది.

"వదినా."

చీకట్లోంచి గోపమ్మ గొంతు వచ్చింది. "ఎవలది?"

"నేనే."

"నేనంటే? నా పక్కింట్ల మనుషులు లేరు. ఎప్పుడో సచ్చిపోయిన్రు."

"వదినా, జర ఇను..."

"ఆ పొద్దు రొట్టె వాసనొచ్చింది." గోపమ్మ గొంతులో ఏడుపు లేదు. "ఇంట్ల శవముంది, గోడ అవతల రొట్టె. నీ చేతి రొట్టె వాసన నాకు తెల్వదానె? సగం కాలినంక నీళ్లు సల్లుతవు నువ్వు. గాయన అంత సల్లగైన ముక్కుకు గూడ తగిలి ఉంటది."

సుగుణమ్మ గూటి అంచును పట్టుకొని నిలబడింది. "అమరేందర్ వచ్చి మా ఇంటి ముంగట నీళ్లు తాగిపోయిండు. 'నువ్వు చెప్పింది మతిల ఉంచుకుంట' అన్నడు. నేనేం జెప్పలే వదినా."

అవతల గోపమ్మ నవ్వింది.

"మీకు చెంబు పెట్టిండా? మాకు కారు పెట్టిండు. మక్తల్‌ల దవాఖాన గేటు కాడ తువ్వాల నిండ నెత్తురు కక్కుకొని కూసుంటే, 'రా కాటన్నా, మనూరికే పోతున్న' అని చెయ్యి పట్టి ఎక్కిచ్చుకున్నడంట. దేవుడు అనుకున్నడు మా పిచ్చోడు. తొవ్వ పొంటి నిద్రపోయిండు. స్టేజి కాడ దించి, అందరు ఇనెటట్టు గీ మాటనే అన్నడు. 'నువ్వు చెప్పింది మతిల ఉంచుకుంట.' ఇంటికొచ్చినంక నన్నడిగిండు, 'నేనేం జెప్పిన్నే?' అని. సచ్చేదాక గదే అడిగిండు. దగ్గుకు దగ్గుకు నడుమ గదొక్కటే."

సుగుణమ్మ గూట్లోంచి చెయ్యి చాచింది. చాలాసేపు చీకట్లో చెయ్యి ఒక్కటే ఉన్నది. తర్వాత ఒక గరుకు చెయ్యి వచ్చి దాన్ని పట్టుకోలేదు, గట్టిగా గిచ్చింది. తోలు లేచిపోయేట్టు గిచ్చి, అప్పుడు పట్టుకుంది.

*

ఫక్రుద్దీన్ చాయ్ హోటలు ముందు ఊరు కూడింది. నరేశ్ బల్ల మీద నిలబడి మాట్లాడుతున్నాడు. సుగుణమ్మ గోపమ్మనూ వర్షితనూ వెంటబెట్టుకొని రాగానే మాట ఆపేశాడు.

"అమ్మా, గామెను ఎందుకు తోల్కొచ్చినవ్?"

"ద్రోహి పెండ్లాం ముంగట ముచ్చటెట్ల పెడ్తం?" అన్నాడు గొర్ల బీరప్ప, కర్ర నేలకు పొడిచి.

"నేను గూడ ద్రోహినే గద. మొన్న నల్ల కాడ పేరు పెట్టిన్రు," అన్నది సుగుణమ్మ. "ఇద్దరం ఒక్కకాడ కూసుంటం. వర్లొద్దు, ఇనున్రి."

చెంబు ముచ్చట చెప్పింది. కారు ముచ్చట చెప్పింది. రెండిట్లోనూ ఒకే మాట. మనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

ఫక్రుద్దీన్ చాయ్ గరిటె గిన్నెలో వదిలేశాడు. "మొన్న మా హోటల్‌ల చాయ్ తాగి పోతా పోతా నాతోని గట్లనే అన్నడు. 'ఫక్రు భాయ్, నువ్వు చెప్పింది మతిల ఉంచుకుంట' అని. చాయ్‌ల షక్కర్ గురించి ఏమన్న అన్ననేమో అనుకున్న."

"షక్కర్ తక్కువేస్తవని ఊరందరు చెప్తున్రు, నువ్వు మతిల ఉంచుకోవు!" అన్నారెవరో. నవ్వారు.

బీరప్ప నవ్వలేదు. కర్ర చూసుకుంటూ అన్నాడు. "నా మందల కారు ఆపిండు. పొట్టేలు బేరం జేసిండు. కొనలే. పోయేటప్పుడు గీ మాటనే."

"మరి చెప్పకపోతివేందయ్యా?"

"చెప్తే నన్ను గూడ కాటయ్యను జేస్తరని."

నవ్వు ఆగిపోయింది. గుట్ట మీది మిషిను మరింత గట్టిగా నమిలింది. అంతమంది తలా ఒక ముద్ర వీపు మీద దాచుకొని, పక్కవాని వీపు వైపు చూస్తూ బతికారు ఇన్నాళ్లూ.

"సరే, కాటయ్య చెప్పలే," అన్నాడు బీరప్ప మళ్లీ. "మరి ఆ పొద్దు మనకంటే ముంగట పోలీసులెట్ల వచ్చిన్రు? వాసన చూసొచ్చిన్రా?"

వర్షిత ముందుకు వచ్చింది. మక్తల్‌లో డిగ్రీ చదువుతున్న పిల్ల. నాయిన పోయినప్పటి నుంచి ఎవరి ముఖమూ చూడదు. "నరేశన్నా, ఆ రోజు అందరికి ఎట్ల చెప్పినవ్? ఇల్లిల్లు తిరిగినవా?"

"తిరుగుడెందుకు? గ్రూపుల పెట్టిన. ఊరి గ్రూపు లేదా?"

"ఏ గ్రూపు?"

"గదే. 'రాళ్లచెలక ఉద్యమ సైన్యం'." నరేశ్ జేబులోంచి ఫోను తీశాడు. "రాష్ట్రం వచ్చిన యాడాది పెట్టింది. ఊరంత దాంట్లనే..." తెర మీద వేలు ఆగింది.

"పెట్టింది ఎవరన్నా?"

ఫక్రుద్దీన్ ఆ ఫోను తీసుకొని చూశాడు. పేర్లన్నిటికీ పైన, కండువా వేసుకున్న ఫొటోతో, అమరేందర్.

"అరె! వీనికి మనమే డప్పు కొట్టి చెప్పినమా?"

"మా నాయినకు చిన్న ఫోను," అన్నది వర్షిత. "ఎత్తుడు ఒక్కటే వచ్చు. గ్రూపంటే ఏందో తెల్వకుంటనే పోయిండు."

నరేశ్ బల్ల మీద నుంచి దిగి నేల మీద కూర్చున్నాడు. గుంపు మెల్లగా అతని వైపు తిరిగింది. ఆ తిరగడం సుగుణమ్మకు తెలుసు.

"అయితే వీడేనా? నాకు ముందు నుంచే డౌటే," అన్నాడొక పోరడు. "వీడే ద్రో..."

"నోరు ముయ్!"

అరిచింది సుగుణమ్మ కాదు, గోపమ్మ. చెంగు నడుముకు చుట్టి నడుమకు వచ్చింది.

"ఆ మాట మళ్ల ఒగని మీద పెడ్తరా? మా ఇంట్ల ఒగన్ని తిన్నది అది. కడుపు నిండిందా? నిండదు. రేపు వీన్ని తింటది, ఎల్లుండి నిన్ను తింటది. వాడు కారుల కూసొని చూస్తడు. ఈ పిల్లగాడు నా మనిషిని అన్నడు. అన్నడు గద? నేను మర్వ. సచ్చేదాక మర్వ. అయినా సరే, ఆ మాట వీని మీద పడనియ్య."

పోరడు వెనక్కి జరిగి గుంపులో కలిశాడు.

"అప్పుడు నాకు ఒగ భుజం తక్కువైంది," అన్నది గోపమ్మ. "దింపుడు కల్లం కాడ లారీలు మమ్ముల ఆగనియ్యలే. నా మనిషిని ఎవలు పిలవలే. గాయన ఇంక ఇంట్లనే దగ్గుతుండు. రేపు పెత్రమాస. పెద్దలకు బియ్యం ఇస్తరు గద మీరందరు. నాకు బియ్యం వద్దు. ఊరొచ్చి పిలవాలె."

గట్టిగా మాట్లాడే బీరప్ప తలగుడ్డ తీసి ముఖం తుడుచుకున్నాడు. "పాడె నేను కడ్త," అన్నాడు.

"ఎవలకు చెప్పకుంట పొద్దుగాలనే..." అన్నారెవరో.

"చాటుకు ఎందుకు?" సుగుణమ్మ అన్నది. "మన గుట్ట, మన తొవ్వ, మన మనిషి. చాటుంటేనే గద ఎవలు చెప్పిన్రు, ఎవలు చెప్పలే అని లొల్లి. నరేశ్, లెవ్. గా గ్రూపులనే పెట్టు. వాడు గూడ సదువుకోవాలె."

నరేశ్ కళ్లు తుడుచుకొని రాశాడు. రేపు దింపుడు కల్లం కాడ కాటమయ్య మామను పిలుస్తున్నం. అందరు రాండ్రి.

*

వెదురు పాడె మీద శవం లేదు. కాటమయ్య మోకు ఉంది, దండెం మీద నుంచి తీసినది. పక్కన అతని కల్లుగీత కత్తి. నరేశ్, బీరప్ప, ఫక్రుద్దీన్, గోపమ్మ తమ్ముడు భుజాలకు ఎత్తారు. వాడలో ఆ పొద్దు ఏ పొయ్యీ వెలగలేదు. ఆడవాళ్లు, ముసలివాళ్లు, చంకలో పిల్లలు, లాల్ బీ వెంట ఆమె కోడళ్లు, అందరూ నడిచారు. ఏడ్చినవాళ్లు తక్కువ. కాళ్ల చప్పుడే ఎక్కువ.

గుట్ట మలుపులో క్రషరు తొవ్వకు అడ్డంగా పాడె దించారు.

కంకర లారీ వచ్చి ఆగింది. డ్రైవరు కిందికి దిగి చూశాడు, చెప్పులు విడిచాడు. వెనక నుంచి క్రషరు మున్షీ అరిచాడు. "పక్క నుంచి కోసి తోలు!"

"పాడె దాటిచ్చి తోల్తనా? నాకు పిల్లలున్నరు సారూ, నువ్వొచ్చి తోలుకో," అని డ్రైవరు తాళంచెవి మున్షీ చేతిలో పెట్టి చెట్టు కిందికి పోయి కూర్చున్నాడు. ఆ లారీ వెనక ఇంకోటి, దాని వెనక ఇంకోటి, గుట్ట చుట్టూ నిలిచిపోయాయి.

అమరేందర్ వచ్చాడు, పోలీసులను వెంటబెట్టుకొని.

"ఏందక్కా ఈ నాటకం?"

"గొంతు ఎండిందా?" అన్నది సుగుణమ్మ. "చెంబు తేవాల్నా?"

గుంపంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. అమరేందర్ చెవులు ఎర్రబడ్డాయి. "ఊరికి రోడ్డేసిన! పని ఇచ్చిన! వాడు నా ఉప్పు తిన్నడు! తిన్నింటికి గిట్ల ద్రోహం..."

"ఉప్పా?" గోపమ్మ అన్నది. "దుమ్ము తిన్నడు. దవాఖానల ఫొటో తీసి చూపిచ్చిన్రు. రొమ్ము నిండ నీ గుట్టనే."

ఎస్సై ముందుకు వచ్చాడు. "సరే, పిలిచేదేదో పిలిచి జల్ది లేపున్రి."

"పిలుస్తం సార్. ముందు గా మిషిను బంద్ చేపియ్యున్రి," అన్నది గోపమ్మ. "గంత చప్పుడుల గాయనకు ఎట్ల ఇనబడ్తది?"

"సచ్చినోనికి ఇనబడుడేందమ్మా?"

"ఇన్నాళ్లు బతికున్నోళ్లకు చెప్పినం సార్. ఇనబడలే."

ఎస్సై పాడె లేపమని పోలీసులకు చెయ్యి ఊపాడు. బీరప్ప చేతులు జోడించాడు. "లేపున్రి సార్. కాకపోతే లేపినోళ్లు శ్మశానం దాక నడుమ దించొద్దు. కర్మ గూడ వాళ్లే చెయ్యాలె. ఇగ మీ ఇంటి పెద్దనే అనుకోన్రి." వంగబోయిన పోలీసు నడుము అక్కడే నిలిచింది. పక్కవాణ్ని చూశాడు. పక్కవాడు ఆకాశం చూశాడు.

పాడెను ముట్టలేక మనుషులను ముట్టారు. సుగుణమ్మను రెక్క పట్టి గుంజారు, గోపమ్మను గుంజారు, నరేశ్‌ను తన్ని వ్యానులో వేశారు. వ్యాను కదిలేటప్పుడు సుగుణమ్మ వెనక్కి చూసింది. ఖాళీ అయిన జాగాల్లో వేరే మనుషులు కూర్చుంటున్నారు.

*

ఠాణాలో అందరినీ వేరువేరు గదుల్లో పెట్టారు. చాలాసేపటికి ఎస్సై వచ్చి సుగుణమ్మ ఎదురుగా కుర్చీ వేసుకున్నాడు. గొంతు మెత్తగా చేసుకున్నాడు.

"అందరు నీ పేరే చెప్పిన్రు సుగుణమ్మా. గోపమ్మ చెప్పింది. నీ కొడుకు గూడ చెప్పిండు. నమ్మినోళ్లే నీకు ద్రోహం చేసిన్రు. నువ్వొక్కదానివే ఎందుకు మోస్తవ్? పాడె కట్టుమన్నది ఎవలో చెప్పు. ఇంటికి పో."

ఒక్క క్షణం ఆమె నమ్మబోయింది. ఆ మాటకు ఇంకా అంత బలం ఉన్నది. అంతలోనే, వీధి నడుమ తల పైకెత్తి తాగుతున్న గొంతు కళ్ల ముందు కదిలింది.

"సార్, జర మంచినీళ్లు ఇప్పిస్తరా?"

ఇప్పించాడు. ఆమె తొందర లేకుండా తాగింది. లేచి నిలబడి, రెండు చేతులతో గ్లాసు తిరిగిచ్చి, ఠాణా అంతా వినబడేట్టు అన్నది.

"మంచిది సార్! మీరు చెప్పింది మతిల ఉంచుకుంట!"

వసారాలో రాసుకుంటున్న జమేదారు తల ఎత్తాడు. తలుపు కాడి పోలీసు ఎస్సై వైపు అదోలా చూశాడు. "నేనేం జెప్పిన?" అన్నాడు ఎస్సై, ఎవరూ అడగకముందే. గోడ అవతల నుంచి గోపమ్మ నవ్వు వినిపించింది.

అప్పుడే ఎస్సై ఫోను మోగింది. గుట్ట కాడి నుంచి, గదంతా వినబడేంత గట్టిగా. "సార్, లారీలు కదుల్తలేవు. డ్రైవర్లందరు దిగిపోయిన్రు. మిషిను బంద్ పెట్టిన్రు సార్. పక్క ఊర్ల నుంచి గూడ జనం వస్తున్రు..."

సుగుణమ్మ ఆ మాటలు వినలేదు. మాటల వెనక విన్నది. ఫోనులో, అవతలి గాలిలో, చప్పుడు లేదు. ఎన్నేళ్లుగానో ఊరి పళ్ల కింద కరకరలాడిన ఆ చప్పుడు లేదు.

ఇప్పుడైతే వినబడుతుంది.

ఆమె గోడ వైపు తిరిగి, గూటికి నోరు పెట్టినట్టు రెండు చేతులూ అడ్డం పెట్టుకొని, పిలిచింది.

"కాటన్నా!"

"ఏయ్! ఎవన్ని పిలుస్తున్నవ్? ఎవడు వాడు?"

లాకప్పులోంచి నరేశ్ గొంతు, పగిలి, వచ్చింది. "కాటమయ్య మామా!"

మూడోది ఎవరిదో సుగుణమ్మకు తెలుసు. గోడ అవతల ఊపిరి పీల్చుకోవడం వినబడింది. కాపురం చేసినన్నాళ్లూ "ఓ ఇనబడ్తుందా" అనీ, "వర్షిత నాయినా" అనీ పిలిచిన నోరు. ఆటోలో దుమ్ము నడుమ తెరుచుకొని, పేరు లేక మూతపడిన నోరు.

"కాటమయ్యా!"

ఎస్సై చేతిలో ఫోను అలాగే ఉంది. దింపుడు కల్లం పిలుపుకు పలికినవాడు ఇంతవరకు లేడు.

ఠాణా గేటు అవతల, ఊరి నుంచి నడిచివచ్చి నిలబడ్డ జనంలోంచి ఒక ముసలి గొంతు, పిలిస్తే పలికినట్టు, "ఓ!" అన్నది. దాని వెనక లాల్ బీ గొంతు. దాని వెనక, ఒకటి నుంచి ఒకటి అంటుకున్నట్టు, అందరివీ.

"ఓ...!"